అడ్డంగా ఉన్న సమాధి

పొన్నమెరక సమాధుల తోటలో సమాధులన్నీ తూర్పు పడమరలుగా ఉంటాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఉత్తర దక్షిణాలుగా, బస్సు నడవలో అడ్డంగా పడేసిన మూటలాగా, రెండో వరసకి అడ్డం పడి ఉంటుంది. ఊళ్ళో దాన్ని దొర సమాధి అంటారు. ఎందుకలా అడ్డంగా ఉందని అడిగితే మనిషికో కథ. కొబ్బరి వేళ్ళు తగిలాయని ఒకరు, దొరల కాళ్ళు వాళ్ళ దేశం వైపు ఉండాలని ఇంకొకరు, తవ్వినవాళ్ళు కల్లు మత్తులో తవ్వారని మరొకరు చెబుతారు. ఎనభై ఏళ్ళు దాటినా ఎవరూ దాన్ని గట్టిగా పట్టించుకోలేదు.

ఏటా నవంబరు రెండో తారీకున సమాధుల పండగ వస్తుంది. ఎవరి పెద్దల సమాధికి వాళ్ళు కలుపు పీకి, సున్నం వేసి, బంతిపూల దండలు చుట్టి, పొద్దు వాలాక కొవ్వొత్తులు వెలిగిస్తారు. దొరకి చుట్టాలెవరూ లేరు కాబట్టి ఆ సమాధి పని రూతు ఇంటివాళ్ళది. మొదట రూతు అత్తగారు వీరాయమ్మ చేసేది. ఆవిడ పోయాక రూతు చేస్తోంది. దాని మీద ఎప్పుడూ రెండు కొవ్వొత్తులు పెడతారు. ఒకటి దొరకి, రెండోది దొరసానికి అని పేటలో చంటిపిల్లలకి కూడా తెలుసు. పాపం ఆ తల్లి ఏ దేశంలో ఏడ్చిందో అని ముసలమ్మలు నిట్టూరుస్తారు. రూతు మాత్రం అవుననదు, కాదనదు.

కొందరి నోట్లో నువ్వుగింజ నానదంటారు. రూతు నోట్లో నువ్వుగింజ నాని, మొలకెత్తి, కాపుకొచ్చినా బయటికి తెలియదు. డెబ్బై అయిదేళ్ళ మనిషి. కపిలేశ్వరపురం దగ్గర గోదావరి లంకలో పుట్టింది. పద్దెనిమిదో ఏట రాజోలు అవతల, సముద్రానికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న ఈ పేటకి కోడలుగా వచ్చింది. భర్త సాలమోను కొబ్బరి దింపులకి వెళ్ళేవాడు. ఆవిడ కొన్నాళ్ళు పీచు కొట్టి తాళ్ళు పేనింది. తరవాత ముప్ఫై ఏళ్ళు ఊరి బళ్ళో ఆయాగా చేసింది. సాలమోను పోయి పన్నెండేళ్ళయింది. ఇప్పుడు ఆవిడకి ఉన్నవి ఒక గది, నాలుగు కోళ్ళు, బీరువాలో బట్టల అడుగున ఒక పాత నశ్యం డబ్బా. ఆ డబ్బాలో ఏముందో ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు.

కిందటి అక్టోబరులో, ఆదివారం ఆరాధన అయ్యాక, సంఘం పెద్దలు ఒక సంగతి ప్రకటించారు. గల్ఫులో ఉన్న పిల్లలు చందాలు పంపారు. సమాధుల తోటకి ప్రహరీ కడతారు, వరసల మధ్య సిమెంటు దారి వేస్తారు. రెండో వరసలో దారికి అడ్డం వస్తున్న దొర సమాధిని తవ్వి, అస్థికలని కొత్త పెట్టెలో పెట్టి, అందరితో పాటు తూర్పు పడమరలుగా తిప్పి, పైన నల్లరాయి వేస్తారు. పండగలోపే పని అయిపోవాలి. ఈ మాటలు చెప్పింది శ్యామ్ బాబు మేష్టారు. చెప్పేటప్పుడు ఆయన మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళ వైపు చివరి చాప మీద కూర్చున్న రూతు మాత్రం చేతులు ఒళ్ళోనే పెట్టుకుంది.

శ్యామ్ బాబు మేష్టారికి దొర సమాధంటే ప్రాణం. ఆయన ఆ బళ్ళోనే హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఏటా అయిదో తరగతి పిల్లల్ని వరసగా నడిపించి తెచ్చి, ఆ సమాధి పక్కన నిలబడి పాఠం చెప్పేవాడు. పందొమ్మిది వందల నలభై రెండు, ఈస్టరు మర్నాడు, జపానువాళ్ళు కాకినాడ మీద బాంబులేశారు. సముద్రంలో వెళుతున్న సరుకు ఓడల్ని ముంచేశారు. రాజోలు సంతలో కిరసనాయిలు మాయమైంది. రంగూను బియ్యం ఆగిపోయాయి. జపానువాడు మన ఒడ్డునే దిగుతాడని పుకారు పుట్టి, సముద్రం ఒడ్డు జనం మూటాముల్లే పడవల్లో వేసుకుని ఎగువకి పారిపోయారు. ఆ గురువారం నాడే ఒక దొర శవం మన ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఇంతవరకూ అంతా నిజమే. ఆ తరవాతదే మేష్టారి సొంత కవిత్వం. ఒక ఏడు ఆ దొర ఓడ మునిగేదాకా కెప్టెను పక్కన నిలబడ్డాడు. మరుసటి ఏటికి ఆయనే కెప్టెనయ్యాడు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవారు. వాళ్ళ వెనకాల మంచినీళ్ళ బిందెతో నిలబడి రూతూ వినేది. విని, బిందె చంకన పెట్టుకుని తిరిగి బడికి పోయేది.

ఆవిడకి నిజం తెలిసింది తొంభై ఆరు తుపానప్పుడు. ఆ రాత్రి గాలికి కోనసీమలో కొబ్బరిచెట్లు తలలు తెగి పడ్డాయి. వీళ్ళ పాక కప్పు ఎగిరి ఎటుపోయిందో దేవుడికెరుక. తెల్లారి సాలమోను టార్పాలిను కోసం రాజోలు పోయాడు. రూతు తడిసిన బియ్యం ఎండబెట్టుకోవడానికి అరుగంత పొడి చోటు కోసం వెతుకుతోంది. అప్పటికి డెబ్బై అయిదేళ్ళున్న వీరాయమ్మ పార భుజాన వేసుకుని సమాధుల తోటకి బయలుదేరింది. రూతుకి ఒళ్ళు మండింది. వెనకాలే పోయింది. తోటంతా బురద. దొర సమాధి మీది కర్ర శిలువ కొట్టుకుపోయింది. ముసలావిడ మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో బురద తోడుతోంది. బతికున్నవాళ్ళకి నీడ లేకపోతే చచ్చిన దొరకి సేవలేమిటని రూతు నిలదీసింది. పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళలో అత్తకి ఎదురు చెప్పడం అదే మొదలు, అదే ఆఖరు.

వీరాయమ్మ తలెత్తి చూసింది. కోపం తెచ్చుకోలేదు.

“దొర కాదే అమ్మాయ్,” అంది. “పార పట్టినోడే. మీ మాఁవలాంటోడే.”

అప్పుడు ఆ బురదలోనే కూర్చుని మొత్తం చెప్పింది.

వీరాయమ్మ భర్త ఎర్రయ్య నలభై ఒకటి మొదట్లో పటాలంలో చేరాడు. తుపాకీ ఇచ్చే పటాలం కాదు, పార ఇచ్చే పటాలం. రోడ్లు వెయ్యాలి, గుంటలు తవ్వాలి, సామాన్లు దింపాలి. పొలం పనికి గింజలు కొలిచే రోజుల్లో నెలనెలా జీతమంటే పేటలో ఎవరికి ఆశ ఉండదు? రాజోలు నుంచి ఆరుగురు కలిసి పోయారు. ఓడెక్కించి ఆఫ్రికా ఎడారికి తోలారని తరవాత తెలిసింది. ఆయన వెళ్ళేనాటికి వీరాయమ్మ కడుపుతో ఉంది. ఆ బిడ్డే సాలమోను. తండ్రి మొహం ఎలా ఉంటుందో తెలియకుండానే పెరిగి, ముసలివాడై పోయాడు.

శవం కొట్టుకొచ్చిన రోజుకి సాలమోను ఎనిమిది నెలలవాడు. ముందు రోజు ఇంకో శవం వచ్చింది. నల్లటి మనిషి, ఓడ కూలీ అయి ఉంటాడన్నారు. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు, కాళ్ళతో ఇసక తోసి కప్పేశారు. గురువారం వచ్చిన శవం తెల్లగా ఉంది. ఒంటి మీద నీళ్ళలో తేల్చే బొద్దు కోటు, కాకీ లాగు. మునసబుగారు చూసి, అమ్మో దొర అని వణికిపోయాడు. దొర శవం కుక్కలపాలయిందని తెలిస్తే కలెక్టరు తోలు తీస్తాడని భయం. అప్పటికప్పుడు మామిడి చెక్కల పెట్టె చేయించాడు. ఇంట్లోంచి కొత్త పంచె తెప్పించాడు. సొంత బండి కట్టించాడు. దొరలంటే కిరస్తానీలు కాబట్టి పేట సమాధుల తోటలో పెట్టమన్నాడు. ఊళ్ళోవాళ్ళు ముక్కులకి గుడ్డలు కట్టుకుని దూరంగా నిలబడ్డారు. ముట్టుకోవడానికి మాత్రం పేటవాళ్ళు కావలసి వచ్చారు, ఎప్పటిలాగే.

పేటవాళ్ళు కూడా కడగడానికి జంకారు. మూడు రోజులు ఉప్పునీళ్ళలో నానిన శవం. అప్పుడు వీరాయమ్మ చంటిబిడ్డని పక్కింటావిడ చేతిలో పెట్టి ముందుకొచ్చింది. ఇరవై ఏళ్ళ పిల్లవి, నీకెందుకే అన్నారు. ఆవిడ చుట్టూ చీరలు కట్టించుకుని, చెరువు నీళ్ళు తెప్పించుకుని, లోపలికి పోయింది.

కోటు విప్పేసరికి తెలిసిపోయింది. నీళ్ళు తగిలినంత మేరా పైతోలు ఊడి తెల్లగా పాలిపోయింది గాని, కోటు బిగించి కట్టిన చోట తోలు నిలిచింది. అక్కడ చామనఛాయ. అరచేతులు తిప్పి చూసింది. బొటనవేలి మొదట్లో, నాలుగు వేళ్ళ కిందా, పార పిడి పట్టి పట్టి కట్టిన కాయలు. ఎర్రయ్య చేతుల్లో ఉన్న చోటే ఉన్నాయి. గోళ్ళ సందుల్లో బొగ్గు. జబ్బకి నల్లతాడుతో కట్టిన రేకు తాయెత్తు. చిన్నప్పుడు ఆవిడ నగరం అనే పక్క ఊళ్ళో సాయిబుల కొబ్బరితోటలో పనికి ఉంది. అలాంటి తాయెత్తులు ఎరుగును. నీళ్ళు పోసిన మనిషికి మిగతాదీ తెలిసింది. ఓడ అడుగున బొగ్గు ఎగదోసే కూలీ, సాయిబుల బిడ్డ.

బయట మునసబు తొందర పెడుతున్నాడు. నిజం చెబితే పెట్టె పోతుంది, పంచె పోతుంది, బండి తిరిగి ఇంటికి పోతుంది. నిన్నటివాడికి పట్టిన గతే వీడికీ పడుతుంది. పేట గుళ్ళో ప్రార్థన చేయించే ఉపదేశిగారు వాక్యం చదవడు. వీరాయమ్మ తాయెత్తు విప్పి రొంటిన దోపుకుంది. పంచె మెడ దాకా చుట్టింది. బయటికొచ్చి, దొరగారు సిద్ధంగా ఉన్నారని చెప్పింది.

తోటలో గొయ్యి తవ్వబోతుంటే అడ్డం పడింది. అటు తవ్వితే కొబ్బరి వేళ్ళు తగులుతాయి, ఇటు తవ్వండని ఉత్తర దక్షిణాలుగా గీత గీసింది. సాయిబులు తమవాళ్ళని అలా పడుకోబెట్టి, మొహం పడమటికి తిప్పడం తోటలో పనికి ఉన్నప్పుడు చూసింది. పెట్టెకి మేకులు కొట్టే ముందు ఒక్కసారి మొహం చూస్తానంది. లోపల చెయ్యి పెట్టి, ఒడిలో దాచుకొచ్చిన పీచు ఉండ ఆ మనిషి వీపు కింద దోపి, మొహం పడమటికి తిప్పింది. తరవాత ఉపదేశిగారు బైబిలు చదివాడు. అందరితో పాటు ఆవిడా ఆమెన్ అంది.

“ఎందుకత్తా ఇదంతా,” అని అడిగింది రూతు.

“మీ మాఁవ అక్కడున్నాడు కదే. ఆయనకీ ఎవరో ఒకరు నీళ్ళు పోస్తారనుకున్నాను.”

నలభై ఆరులో, ఎర్రయ్యతో కలిసి పటాలంలో చేరిన ధర్మరాజు అనే ఆయన ఒక్కడే తిరిగొచ్చాడు. సంగతి ఆయనే చెప్పాడు. నలభై రెండు వేసంగిలోనే, పటాలం ఎడారిలో వెనక్కి పారిపోతున్నప్పుడు, ఎర్రయ్య లారీ మీంచి పడిపోయాడు. వెనక బాంబులు పడుతున్నాయి. లారీ ఆపలేదు. ఎవరన్నా పూడ్చారో లేదో ధర్మరాజుకి తెలియదు. వీరాయమ్మ అంతా విని, ఆయనకి మజ్జిగిచ్చి పంపింది. ఆ నవంబరు నుంచి సమాధి మీద రెండో కొవ్వొత్తి పెట్టడం మొదలుపెట్టింది. పేట దానికి దొరసాని కథ అల్లింది. ఆవిడ అల్లనిచ్చింది.

కథంతా చెప్పి, వీరాయమ్మ రొంటిన ఉన్న నశ్యం డబ్బా తీసి కోడలి చేతిలో పెట్టింది. లోపల తాయెత్తు ఉంది. కొట్టుకుపోయిన శిలువ మళ్ళీ పెట్టించొద్దంది. ఆయన్ని ఎవరినీ తిప్పనివ్వొద్దంది. అవసరం లేకుండా చెప్పకు, అవసరమొస్తే దాచకు అంది.

రూతు ఆ బురదలో కూర్చున్న అత్త కేసి చూసింది. అక్షరం ముక్క రాని మనిషి. ఒంటరిది. చంకలో చంటిబిడ్డ, మొగుడు ఎక్కడున్నాడో తెలియదు, లోకమంతా ఒకళ్ళనొకళ్ళు చంపుకుంటున్న ఏడు. అలాంటి రోజున ఊళ్ళో పెద్దమనుషులందరూ తెలుపు నలుపు చూస్తూ నిలబడితే, ఈవిడ అరచెయ్యి తిప్పి చూసింది. ఇన్నేళ్ళూ ఎవరింట్లో అన్నం తిన్నానో ఆవిడకి అప్పుడు తెలిసింది. గబగబా కూర్చుని తనూ బురద తోడింది. మూడేళ్ళ తరవాత వీరాయమ్మ పోయింది.

ఇప్పుడు సమాధి తిప్పుతామంటున్నారు.

రూతు మర్నాడే శ్యామ్ బాబు మేష్టారింటికి వెళ్ళింది. దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంది. గుమ్మంలోకి వస్తూండగానే ఆయన ఆవిణ్ణి పెరట్లోకి తీసుకుపోయాడు. నల్లరాయి గోడకి ఆనించి ఉంది. రాజోలులో చెక్కించాడు, తన పింఛనులోంచి. బంగారు రంగు అక్షరాలు. ప్రపంచ యుద్ధంలో కర్తవ్య నిర్వహణలో అసువులు బాసిన ఆంగ్ల నావికాధికారి అని ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో వరస.

“మీ అత్తగారి పేరు కూడా వేయించేనండి పిన్నిగారు,” అన్నాడు మేష్టారు. “సంరక్షకురాలు వీరాయమ్మ అని. ఆవిడ చేసిన సేవ ఊరికి తెలియాలి కదండి.”

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మంచివాడు. ఆ మంచితనమే రూతు నోరు కట్టేసింది. ఆయ్ అండి, బాగుందండి అని చెప్పి ఇంటికొచ్చేసింది.

ఆ వారమంతా ఆవిడకి నిద్ర లేదు. చెప్పకపోతే ఆ బిడ్డ మొహం తిప్పేస్తారు. అబద్ధం రాతి మీదకి ఎక్కుతుంది, దాని కింద అత్త పేరు ఉంటుంది. చెబితే ఏమవుతుంది? కాలం మంచిది కాదు. ఎనభై ఏళ్ళు మన మధ్య పడుకున్నవాణ్ణి పరాయివాడని తవ్వి బయట పడేసినా పడేస్తారు. అప్పుడు అత్త కాపాడినదాన్ని కోడలు పోగొట్టినట్టే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పక్కింటి కరుణ వచ్చి, మామ్మగారండి, అన్నం తినట్లేదేంటని రెండుసార్లు అడిగింది. కరుణకి నలభై లోపే. మొగుడు హర్ష మస్కట్‌లో పనికి వెళ్ళి, కరోనా రోజుల్లో అక్కడే పోయాడు. శవం రాలేదు. అక్కడే పూడ్చేశామని ఫోనులో ఒక వీడియో వచ్చింది, అంతే. పండగనాడు అందరూ సమాధుల దగ్గరికి పోతే, కరుణ తన కొవ్వొత్తి గేటు పక్క దిమ్మ మీద పెట్టి ఇంటికి పోతుంది. ఆ పిల్ల మొహం చూశాక రూతు ఒక నిశ్చయానికి వచ్చింది.

పండగకి ముందు ఆదివారం. సోమవారం పొద్దున్నే పొక్లెయిన్ వస్తుందని ప్రకటించారు. ఆరాధనలో పాటలయ్యాక సాక్ష్యాల వేళ వచ్చింది. మన గుళ్ళల్లో సాక్ష్యం అంటే తెలిసిందే. కొడుక్కి వీసా వచ్చిందని ఒకరు, షుగరు దిగిందని ఒకరు, పోయిన గేదె దొరికిందని ఒకరు లేచి దేవుణ్ణి స్తుతిస్తారు. కొందరు ప్రతి వారం లేస్తారు. రూతు యాభై ఏడేళ్ళలో ఒక్కసారి కూడా లేవలేదు. అందుకే ఆవిడ చాప మీద చేతులూని లేచేసరికి, వీసా మాట చెబుతున్నావిడ మధ్యలో ఆపేసి కూర్చుంది.

మైకు ఇస్తే వద్దంది. గట్టిగా మాట్లాడే అలవాటు లేదు, అయినా చివరి వరస దాకా వినపడింది, అంత నిశ్శబ్దంగా ఉంది.

“నాకు జరిగిన మేలు కాదండి. మా అత్తగారి సాక్ష్యం. ఆవిడ చెప్పలేదు, నేను చెబుతున్నాను,” అని మొదలుపెట్టింది.

కోటు కింద తోలు, చేతి కాయలు, బొగ్గు, తాయెత్తు, పడమటి మొహం, ఎర్రయ్య లారీ, రెండో కొవ్వొత్తి అన్నీ చెప్పింది. ఎక్కడా ఏడవలేదు. అత్త మునసబుకి అబద్ధమాడిందని కూడా దాచలేదు. చివర్న కొంగుముడి విప్పి నశ్యం డబ్బా తీసి, నడిచి వెళ్ళి, మగవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చున్న శ్యామ్ బాబు మేష్టారి చేతిలో పెట్టింది.

“తిప్పొద్దండి మేష్టారు. బోలెడంత దూరం నుంచి వచ్చినోడు. మా అత్త పడుకోబెట్టిన పడకండి అది.”

కుర్ర పాస్టరుగారు ఏమనాలో తోచక ఆమెన్ అన్నాడు. వెనక నుంచి ఎవరో కుర్రాడు, అయితే సాయిబు మన తోటలో ఎలా ఉంటాడండి అన్నాడు. రూతు భయపడినది సరిగ్గా ఆ మాటకే.

మేష్టారు డబ్బా తెరిచాడు. రేకు తాయెత్తు నల్లబడి, అంచులు అరిగి, అరచేతిలో చింతగింజంత ఉంది. రెండు వైపులా తిప్పి చూశాడు.

“దీన్ని తెరిచి చూసేరా ఎప్పుడైనా?” అన్నాడు.

“లేదండి. ఆయనది కదండి,” అంది రూతు.

మేష్టారు లేచి, పక్క తలుపు దగ్గర చెప్పులు తొడుక్కుని సమాధుల తోటలోకి నడిచాడు. గుడి మొత్తం ఆయన వెనకే కదిలింది. ఆయన అడ్డంగా ఉన్న ఆ సమాధి దగ్గర, ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన చోటే నిలబడ్డాడు. పక్కనే తవ్వకానికి ముగ్గుతో గీసిన గీతలున్నాయి. చెప్పుల్లోంచి కాళ్ళు తీసేశాడు.

“ఎన్ని వందల మంది పిల్లలకి కెప్టెనని చెప్పేనో,” అన్నాడు. “నేనెప్పుడూ ఈయన చేతుల గురించి ఆలోచించలేదు.”

వెనకనున్న కుర్రాడు తన మాట మళ్ళీ అన్నాడు, ఈసారి కాస్త మెల్లగా. మేష్టారు అతని వైపు తిరిగాడు. బళ్ళో ఆయన దగ్గర చదువుకున్నవాడే.

“ఎలా ఉంటాడంటావేంట్రా. మీ తాత పుట్టకముందు నుంచీ ఉన్నాడు. తరవాత వచ్చినోళ్ళం మనం.”

ఆ తరవాత ఆయన చెప్పులు తొడుక్కోకుండానే కాలితో ముగ్గు గీతలు చెరిపేశాడు. పొక్లెయిన్ వద్దని అక్కడి నుంచే ఫోను చేశాడు. దారినే చుట్టు తిప్పి వెయ్యమని మేస్త్రీకి చెప్పాడు. ఇప్పుడు పొన్నమెరక సమాధుల తోటకి పోతే చూడవచ్చు. సిమెంటు దారి తిన్నగా వచ్చి, రెండో వరసలో ఒకచోట వంగి, మళ్ళీ తిన్నగా పోతుంది. అక్కడ అందరికీ కాలు తడబడుతుంది.

నల్లరాయిని ఏం చెయ్యాలన్నది తేలడానికి రెండు రోజులు పట్టింది. పగలగొట్టేద్దామన్నారు కొందరు. మేష్టారే, బోర్లా వేద్దామన్నాడు. బంగారు అక్షరాలు నేల వైపు తిరిగాయి. పైకి తేలిన రాతి మీద ఏమీ లేదు. పేరు తెలిసిన రోజున రాయించుకోవచ్చన్నాడు. వీరాయమ్మ పేరు కూడా కిందే ఉండిపోయింది. దానికి మేష్టారు నొచ్చుకున్నాడు గాని, రూతుకి అదే సబబనిపించింది. ఎనభై ఏళ్ళుగా ఆవిడ చేసింది కూడా ఎవరికీ కనపడలేదు మరి. మేస్త్రీ రాయి దింపే ముందు రూతు అతన్ని ఒక్క క్షణం ఆగమంది. తాయెత్తు తీసి, తల వైపు, పడమటి పక్కన, మట్టిలో వేలితో గుంట చేసి పెట్టింది. ఆయన వస్తువు ఆయనకి చేరింది. నశ్యం డబ్బా మాత్రం అత్తది, దాన్ని ఇంటికి తెచ్చుకుంది.

పండగ సాయంత్రం రూతు ఎప్పటిలాగే సమాధి మీద రెండు కొవ్వొత్తులు పెట్టింది. ఒకటి ఆయనకి, ఒకటి ఎర్రయ్యకి. ఈసారి రెండో పేరు పైకే అంది. లేచి కొంగు దులుపుకుంటుంటే శ్యామ్ బాబు మేష్టారు వచ్చి, ఆవిడ పక్కన నిలబడ్డాడు. ఆయన తాతగారు రంగూనులో బియ్యం మిల్లులో చేసేవాడట. బాంబులు పడ్డాక అడవుల్లోంచి నడిచొస్తున్నాడని కబురొచ్చింది, మనిషి రాలేదు. ఇంట్లో ఆయన మాట ఎత్తడం ఎప్పుడో మానేశారు. మేష్టారు జేబులోంచి కొవ్వొత్తి తీసి మూడోదిగా పెట్టాడు.

రూతు గేటు వైపు చూసింది. కరుణ తన కొవ్వొత్తి పట్టుకుని దిమ్మ దగ్గర నిలబడి ఉంది. వెలిగించలేదు. ఇటే చూస్తోంది. రూతు చెయ్యి ఊపి రమ్మంది. ఆ పిల్ల వచ్చింది గాని సమాధికి రెండడుగుల దూరంలోనే ఆగిపోయింది.

“నేనూ ఇక్కడ పెట్టొచ్చా అండి, మామ్మగారు?”

రూతు పక్కకి జరిగి చోటిచ్చింది. కరుణ రాతి మీద కొవ్వొత్తి నిలబెట్టింది. అగ్గిపుల్ల గీయబోయి ఆగింది.

“మా ఆయన్ని అక్కడ ఎవరన్నా చూస్తున్నారంటారా?”

అవునని చెప్పడం చాలా తేలిక. రూతుకి ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కాని ఆ రాయి దగ్గర నిలబడి అలా అనబుద్ధి కాలేదు.

“తెలీదమ్మా,” అంది. “మా అత్తకీ తెలీదు. చచ్చిపోయేదాకా తెలీదు. అయినా ఏటా వెలిగించింది.”

సముద్రం వైపు నుంచి గాలి తిరిగింది. కరుణ పుల్ల గీసి వెలిగించి, ఆరిపోకుండా రెండు చేతులూ అడ్డం పెట్టింది.